వెనక నుంచి మేరీ

మా కృష్ణానగర్‌లో ఎవరిని కదిలించినా సినిమాల్లో ఉన్నామనే అంటారు. మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయన కూడా అంటాడు, ఆయన ఇస్త్రీ చేసిన చొక్కా ఒకసారి హీరో పక్కనున్నవాడు తొడుక్కున్నాడు మరి. కానీ నిజంగా వందల సినిమాల్లో ఉండి కూడా ఆ మాట నోరు తెరిచి చెప్పుకోని మనిషి నాకు ఒక్కతే తెలుసు. మా పక్క గది మేరీ. ఆమె అన్ని సినిమాల్లోనూ ఉంది, కాకపోతే వెనక నుంచి.

నా పేరు మంజులత. పుట్టిందీ పెరిగిందీ రహమత్ నగర్‌లో, పని సినిమా బట్టల దగ్గర. పెళ్లి సీను పెట్టారంటే గుంపులో నిలబడే ఆడవాళ్లందరికీ చీరలు పంచి, జాకెట్లు వదులైతే వెనక పిన్నులు పెట్టి బిగించి, సాయంత్రం అన్నీ విప్పించి మూటలు కట్టేది నేనే. నాకు ముఖాలు గుర్తుండవు, చీరలు గుర్తుంటాయి. నేను చీర ఇచ్చిన మనిషిని ఎంత గుంపులో ఉన్నా చీరను బట్టి పట్టేస్తానని నాకు మహా గొప్ప. ఆ గొప్ప ఏపాటిదో తర్వాత చెప్తాను.

మేరీది రేపల్లె దగ్గర ఊరు. తల్లి చిన్నప్పుడే పోతే అక్క సువార్తమ్మ పెంచింది. పందొమ్మిదో ఏట హీరోయిన్ అవుదామని ఎవరికీ చెప్పకుండా బండెక్కి ఇక్కడికి వచ్చేసింది. తండ్రి చర్చిలో పెద్దమనిషి. కూతురు సినిమాలకు పోయిందని తెలిసిన రోజున గోడ మీదున్న ఆమె ఫొటోలన్నీ తీసి పొయ్యిలో పెట్టాడు. ఆ కోపంలో ఆయన పోయేదాకా మార్పు లేదు. మేరీ ఎప్పుడైనా ఊరికి వెళ్లినా అక్క అత్తగారింట్లో రెండు పూటలు ఉండి వచ్చేసేది.

హీరోయిన్ కాలేదని వేరే చెప్పాలా? వచ్చిన కొత్తలో ఒక సంత సీనులో నిలబెట్టారట. బుట్ట పట్టుకుని హీరో వెనక నుంచి నడిచి పోవాలి. చిన్నపిల్ల, కెమెరా అంత దగ్గరగా ఉంటే కళ్లు ఆగుతాయా? చూసింది. చూసి కాస్త నవ్వింది కూడా. కట్ చెప్పి, అందరి ముందూ మైకులో తిట్టిపోశారు. ఆమెను తీసుకొచ్చిన ఏజెంటు ఆ తర్వాత చాన్నాళ్లు పిలవలేదు. అప్పటితో మేరీ మెడ పాఠం నేర్చుకుంది. కెమెరా ఏ మూల ఉంటే ఆమె ముఖం దానికి ఎదురు మూలకు తిరుగుతుంది. దాటమంటే దాటుతుంది, కట్ అంటే మొదటి చోటికి వచ్చి మళ్లీ దాటుతుంది. మేరీని వెనకేస్తే ఫికర్ ఉండదని ఏజెంట్లలో పేరు తెచ్చుకుంది. ఇరవై ఆరేళ్లుగా ఆ పేరే ఆమెకు అన్నం పెడుతోంది.

ఆ అలవాటు సెట్టులో ఆగిపోతే నాకీ కథ చెప్పే పని ఉండేది కాదు. మా మనవడు చింటు పుట్టినరోజు ఫొటోల్లో కేకు ఉంది, చింటు ఉన్నాడు, నేనున్నాను, ఒక మూలన మేరీ మోచెయ్యి ఉంది. మేరీ భర్త శౌరి లైట్‌మ్యాన్, మంచివాడు. అతని ఫోను నిండా మేరీ చెవులే. పెళ్లి ఫొటోలో సైతం తల పక్కకు తిప్పుకుని ఉంటుంది, కొత్త పెళ్లికూతురు సిగ్గనుకున్నారు అందరూ. నేరుగా చూసిన ఫొటోలు రెండే రెండు, ఆధార్ కార్డు మీదొకటి, యూనియన్ కార్డు మీదొకటి. ఆ రెండూ చూస్తే పోలీసులు వెతుకుతున్న మనిషేమో అని అనుమానం వస్తుంది.

సినిమా విడుదలైనప్పుడల్లా అక్కకు ఫోను చేసి, బజారు సీనులో ఉన్నాననో బస్టాండు సీనులో ఉన్నాననో చెప్పేది. సువార్తమ్మ రేపల్లె వెళ్లి సినిమా చూసేది. మర్నాడు ఫోను చేసి, చూశానే, బాగున్నావు అనేది. అంతే, అంతకు మించి మాట ఉండేది కాదు. మేరీ ఫోను పెట్టేసి ముఖం చిన్నబుచ్చుకుని నా గదికి వచ్చేది. నా మొహమే లేని సినిమాలో అక్క ఏం చూసి ఉంటుంది, నా మనసు కష్టపెట్టడం ఇష్టం లేక అబద్ధమాడుతోంది అని బాధపడేది. నేనూ అదే అనుకునేదాన్ని. అక్కలు అలాంటి అబద్ధాలు ఆడతారు, ఆడకపోతే వాళ్లు అక్కలెందుకు?

పోయినేడు తండ్రి పోయాడు. మొన్న చలికాలం వెళ్లగానే సువార్తమ్మ మొదటిసారి హైదరాబాదు వచ్చింది. ఊళ్లో అంగన్‌వాడీలో ఆయా పని, సెలవు దొరకడమే కష్టం. సన్నగా, పొట్టిగా, మాట మెత్తగా ఉండే మనిషి. వచ్చిన రోజే విషయం చెప్పింది. పుట్టింటికి సున్నం వేయించి ఫొటోలన్నీ మళ్లీ తగిలించిందట. అమ్మది ఉంది, నాన్నది ఉంది, పోటీలో బహుమతి తెచ్చిన గేదెది కూడా ఉంది. మేరీది లేదు. అందుకని అమ్మ ఫొటో పక్కన మేకు ముందే కొట్టేసి బయలుదేరింది. ఆదివారం తెల్లారితే రేపల్లె బండి ఎక్కాలి, ఉన్నది శనివారం ఒక్కటే. ఆ రోజు చెల్లెలు తనకు ఊరంతా చూపించాలి, ఆ ఊళ్లో చెల్లెలి ఫొటో ఒకటి ముఖం కనబడేలా తీసుకుని వెళ్లాలి. ఆమె అడిగింది అంతే.

శుక్రవారం సాయంత్రం నేను బియ్యంలో రాళ్లు ఏరుతుంటే మేరీ వచ్చి పక్కన కూలబడింది.

"ఇరవై ఆరేళ్లు ఏం చేశావే అని అడిగితే ఏం చూపించను మంజులతక్కా? నా వీపా?"

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు గానీ వచ్చింది. "జర ఊకో. రేపు నేను గూడ వస్త. నీ ఫొటో ఎట్ల రాదో నేను చూస్త" అన్నాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా కోడలు వెనక నుంచి గొణిగింది. నా పెట్టెలోంచి చిలకపచ్చ చీర తీసి, రేపు ఇదే కట్టుకో, ఎక్కడ తప్పిపోయినా పట్టేస్తాను అని మేరీ చేతిలో పెట్టాను.

పొద్దున్నే ఆటోలో ఫిల్మ్‌నగర్ గుట్ట ఎక్కాం. మేరీ అక్కకు ఒక్కో వీధీ చూపిస్తోంది. ఇది ఫలానా హీరో ఇల్లు, అది ఫలానా నిర్మాతది అని. ఇల్లంటే ఏముంది, గేటూ దాని మీద పాకిన కాగితప్పూలూ. ఒక గేటు ముందు ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుర్రాళ్లు వరసగా ఫొటోలు దిగుతున్నారు. సువార్తమ్మ ఆ గేటును చూసి, ఇంత పెద్ద గేటు తియ్యడానికి మనిషి ఉంటాడా అని అడిగింది. ఆమె సంచిలోంచి ఫోను బయటికి తీసిందో లేదో, మేరీ కనబడలేదు. చూస్తే వీధి అవతల చెట్టు కింద, ఎవరో దారిన పోయే మనిషి పని మీద పోతున్నట్టు పోతోంది.

నలభై ఐదో నంబరు రోడ్డు మీదుగా కేబుల్ బ్రిడ్జి దగ్గరికి వెళ్లాం. కింద దుర్గం చెరువు, అటు అద్దాల మేడలు. సువార్తమ్మ వంతెనకు కట్టిన తాళ్ల వంక చాలాసేపు చూసి, ఉయ్యాల కట్టినట్టు కట్టారే అంది. అక్కడ నేను మేరీని రెండు భుజాలూ పట్టి నిలబెట్టాను. నవ్వమన్నాను, నవ్వింది. కదలొద్దన్నాను, సరేనంది. వెనక్కి నడిచి ఫోను ఎత్తాను. మేరీ ముఖం గాలికి తిరిగినట్టు తిరిగింది, కాళ్లు వాటంతట అవే కదిలాయి, చేతిలో లేని బుట్ట ఏదో ఉన్నట్టు చెయ్యి కూడా నడుం మీదికి పోయింది. నా ఫోనులో వంతెన, చెరువు, ఒక చిలకపచ్చ కొంగు వచ్చాయి. నేను తిట్టాను. మేరీ కళ్లలో నీళ్లు తిరిగాయి. కావాలని చేయడం లేదని నాకూ తెలుసు, అయినా తిట్టాను. సువార్తమ్మ మాత్రం ఇంకా పొద్దుంది కదమ్మా అంది.

మెట్రో ఎక్కాం. మన యూసుఫ్‌గూడ మీదుగానే పోతుంటే మేరీ కిటికీలోంచి కృష్ణానగర్ అటు ఉంటుందని చూపించింది. అమీర్‌పేటలో రైలు మారాం. స్టేషన్లో పైన సీసీ కెమెరా ఉంటే దాని కింద నుంచి కూడా ముఖం తిప్పుకునే నడిచింది, నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎంజీబీఎస్‌లో దిగి, ఆటో మాట్లాడుకుని చార్మినార్ చేరేసరికి ఎండ నెత్తికెక్కింది.

చార్మినార్ గురించి మేరీ అక్కకు ఫోనులో ఎన్నోసార్లు చెప్పింది, నెల రోజులు దాని చుట్టూ తిరిగానని. అబద్ధం కాదు. కాకపోతే ఆమె తిరిగింది స్టూడియోలో వేసిన చార్మినార్ చుట్టూ. రెండు మినార్లే కట్టారు, మిగతా రెండూ కంప్యూటర్లో వేసుకుంటామన్నారు. అసలు దాని దగ్గరికి రావడం ఆమెకూ ఇదే మొదలు. అందుకే గాజుల దుకాణాలు కుడి పక్కన ఉంటాయని మమ్మల్ని నమ్మకంగా తీసుకుపోయి మిఠాయి కొట్టు ముందు నిలబెట్టింది. సెట్టులో కుడి పక్కనే ఉండేవట. తిరిగి వచ్చి, కమాను గోడను వేలి కణుపులతో కొట్టి చూసింది. మా సినిమా వాళ్లందరికీ అది అలవాటు, గోడ కనబడితే చెక్కో రాయో తెలిసేదాకా దాన్ని ఆనుకోరు. రాయే అని తేలాక సిగ్గుపడి నవ్వింది.

పైకి ఎక్కుదామన్నాను. మెట్లు చుట్టూ తిరుగుతూ ఇరుకుగా ఉంటాయి, మేరీకి మోకాళ్ల నొప్పి. సంచులు పట్టుకుని కిందే ఉంటాను, మీరు వెళ్లి రండి అంది. మోకాళ్ల కంటే నా ఫోనుకే ఎక్కువ భయపడిందని నాకు అనిపించింది. సరే, ఎక్కాం. సువార్తమ్మ నాకంటే పెద్దది, అయినా నాకంటే ముందే ఎక్కేసింది.

పైన వరండాలో నిలబడితే నాలుగు దారులూ కనబడతాయి. గొడుగులు, బళ్లు, గాజుల రంగులు, మసీదు ముందు పావురాలు, నేల కనబడకుండా జనం. నా చీర కదా, చిలకపచ్చ కదా అనుకుని నేను ధీమాగా వంగి చూశాను. చూస్తే ఊళ్లో సగం మంది ఆ రోజు చిలకపచ్చే కట్టుకున్నారు. ఒకచోట దొరికింది, అదుగో అని వేలు పెట్టి చూపించాను. తిరిగి చూస్తే ఆకుపచ్చ శాలువా కప్పుకున్న గడ్డపాయన. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నా పని.

సువార్తమ్మ వెతకలేదు. ఒకసారి అలా చూసి, "అదుగోనమ్మా మేరీ" అంది.

ఆమె చూపించిన వైపు బొటనవేలంత మనుషులు. అందులో ఒక వీపు. అక్కడ ఎవరో ఫొటో దిగుతుంటే వాళ్లకు అడ్డం రాకుండా పక్క నుంచి దాటిపోతోంది. అందరూ వీపులే కదా, ఇది మేరీ అని ఏమిటి నమ్మకం? ఫోను చేసి, మేరీ, ఎడమ చెయ్యి పైకి లేపు అన్నాను. ఆ వీపు ఎడమ చెయ్యి లేపింది.

"ఎట్ల గుర్తువట్టినవ్ అక్కా?" అని అడిగాను.

"మా అమ్మ పోయాక దాని తల నేనే దువ్వేదాన్నమ్మా. బడికి పోయేముందోసారి, సాయంత్రం ప్రార్థనకు ముందోసారి. ముందు కూర్చోబెట్టుకుని జడేసేదాన్ని. దాని మొహం కంటే వీపే ఎక్కువ చూశాను నేను."

అప్పుడు నా బుర్రకు ఒక మాట తట్టింది. సినిమాల్లో కూడా కనబడేదా అని అడిగాను. ఆమెకు నా ప్రశ్నే విచిత్రంగా తోచింది. కనబడకపోతే చూశానని ఎందుకు చెప్తాను అంది. ఒక సినిమాలో పెళ్లి పందిట్లో పళ్లెం పట్టుకుని పోయిందట, ఇంకోదాంట్లో వానలో వేరెవరి గొడుగులోకో దూరిందట, ఒకదాంట్లో బస్సు అందుకోవడానికి పరిగెత్తిందట. ప్రతిదాంట్లో దొరికేదట. దొరికాక మిగతా సినిమా ఏం జరిగిందో పట్టించుకునేది కాదట. నేను గోడ వైపు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. నాకు అంత తేలిగ్గా ఏడుపు రాదు, ఆ రోజు వచ్చింది.

నా కడుపులో మాట దాగదు. కిందికి దిగీ దిగగానే మేరీకి చెప్పేశాను. మేరీ నమ్మలేదు. నమ్మకపోగా కోపం తెచ్చుకుంది, మీరిద్దరూ కలిసి నన్ను ఓదారుస్తున్నారా అని. అక్క వైపు తిరిగి పరీక్ష పెట్టింది. మొన్న దసరాకు వచ్చిన సినిమాలో బజారు సీనులో తను ఏ రంగు చీర కట్టుకుందో చెప్పమంది.

సువార్తమ్మ ఇబ్బందిగా చూసింది. "రంగు నాకు గుర్తులేదే. నీకు చెప్పు తెగింది కదా అందులో. కుడికాలు ఈడ్చుకుంటూ నడిచావు. మర్నాడు ఫోనులో అడుగుదామనుకున్నాను, కొత్త చెప్పులు కొనుక్కున్నావా అని. నిన్ను చిన్నబుచ్చినట్టవుతుందని ఊరుకున్నాను."

చెప్పు తెగిన మాట నిజం. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, నా పిన్నీసుతోనే దాన్ని అతికించాను. సినిమా తీసినవాళ్లు చూడలేదు, చూసినవాళ్లెవరూ చూడలేదు, సినిమా చూసి వచ్చి నేనూ చూడలేదు. మేరీ అక్కడే, పావురాలకు గింజలు అమ్మేచోట రాతి అరుగు మీద కూర్చుండిపోయింది. ఏడ్చింది. నలుగురు చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చింది. ఇన్నేళ్లూ తను ఎవరికీ కనబడకుండా పోయాననుకుంది పాపం.

సువార్తమ్మకు ఓదార్చడం రాదనుకుంటాను. జుట్టు చూడు ఎలా రేగిపోయిందో, ఆటోలో గాలికి పిచ్చిదానిలా అయ్యావు అని విసుక్కుంది. సంచిలోంచి దువ్వెన తీసి, అరుగు ఎక్కి మేరీ వెనక కూర్చుంది. మేరీ చీర సర్దుకుని కింది మెట్టు మీదికి జరిగింది. చెప్పాల్సిన పని లేకుండానే జరిగింది. పిన్నులన్నీ తీసి ఒళ్లో పెట్టుకుని అక్క చిక్కు తీయడం మొదలుపెట్టింది. నలభై అయిదేళ్ల మనిషి, జుట్టులో నెరిసిన పాయలు, ఆ చేతుల కింద బడికి పోయే పిల్లలా కూర్చుంది.

నేను ఫోను ఎత్తాను. మేరీ మెడ అలవాటు చొప్పున పక్కకు తిరగబోయింది. జడ అక్క చేతిలో ఉంది.

"కదలకే, పాయ జారిపోద్ది" అని సువార్తమ్మ జడను తన వైపు లాగింది. మేరీ ముఖం నేరుగా వచ్చి నా ముందు నిలబడింది. ఏడ్చిన కళ్లు, ఎర్రబడిన ముక్కు. ఎటూ పోవడానికి లేదని తెలిసి నవ్వింది. నేను నొక్కాను. ఒకటి కాదు, జడ ముడి పడేదాకా నొక్కుతూనే ఉన్నాను.

సాయంత్రం కృష్ణానగర్‌లో ఫొటో స్టూడియోలో వాటిలో మంచిదాన్ని పెద్దదిగా వేయించాం. చార్మినార్ మూల కాస్త పడింది, రెండు పావురాలు పడ్డాయి, మేరీ నిండుగా పడింది. అప్పుడు చూసుకున్నాను నా పొరపాటు. మేరీ తల అడ్డం వచ్చి సువార్తమ్మ ముఖం అసలు కనబడటం లేదు, దువ్వెన పట్టుకున్న రెండు చేతులే ఉన్నాయి. అంత దూరం నుంచి వచ్చిన మనిషి, ఆమె ముఖమే లేకుండా తీశానే అని నొచ్చుకున్నాను. పొద్దున బండి ఎక్కేముందు ఇంకోటి తీస్తానన్నాను.

సువార్తమ్మ ఆ ఫొటోను పాత చీరలో చుట్టి సంచిలో అడుగున పెట్టుకుంది.

"వద్దులేమ్మా. ఆ చేతులు ఎవరివో మేరీకి తెలుసు కదా."